కథ అయిపోయాక చెవిలో ఏం మిగలాలి?

నమస్కారం.

నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను. పిల్లలకు సంగీతం చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో ‘పీటర్ అండ్ ద వుల్ఫ్’ మీద ఒక క్లాసు తీసుకున్నాను. రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ 1936లో పిల్లల కోసమే కూర్చిన కథాసంగీతం అది. ఒక్కో పాత్రకు ఒక్కో వాద్యం ఉంటుంది. పిట్టకు ఫ్లూటు, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్, తాతయ్యకు బసూన్, తోడేలుకు మూడు హార్న్‌లు. నేను కథ బ్రహ్మాండంగా చెప్పాను. తోడేలులా వంగి నడిచాను, గుర్రుమన్నాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. వారం తర్వాత, "తోడేలు వచ్చేటప్పుడు ఏం వినిపించింది?" అని అడిగితే అందరూ ఒక్కసారిగా అచ్చం నాలాగే గుర్రుమన్నారు. హార్న్‌ల ఊసు ఒక్కరు కూడా ఎత్తలేదు. వాళ్లకు గుర్తున్నది నా వేషాలే.

మరుసటి ఏడాది అదే కథను వేరేలా చేశాను. కథలో తోడేలు బాతును మింగేస్తుంది. చివర్లో వేటగాళ్లు, పీటరు, తాతయ్య కలిసి తోడేలును ఊరేగింపుగా తీసుకెళ్తుంటారు. అప్పుడు ఓబో మళ్లీ వినిపిస్తుంది, సన్నగా. అది ఎందుకు వినిపిస్తోందో మామూలుగా వ్యాఖ్యాత చెప్పేస్తాడు. నేను ఆ మాటలు తీసేసి సంగీతం ఒక్కటే పెట్టాను. మొదటిసారి ఎవరికీ పట్టలేదు. "మళ్లీ పెట్టనా?" అన్నాను. రెండోసారి వెనక వరసలో ఒక పాప లేచి నిలబడింది. "బాతు చావలేదు! దాని కడుపులో ఉంది!" అని అరిచింది. అప్పటిదాకా బాతు చచ్చిపోయిందని ముఖం మాడ్చుకుని కూర్చున్న పిల్ల అది. ఆ సంగతి నేను చెప్పలేదు, ఓబో చెప్పింది.

ఈ రోజు నేను చెప్పదలుచుకున్నదంతా ఇంచుమించు ఇదే. మనలో చాలామంది కథను తాయిలంలా వాడతాం. ముందు కథ చెప్పి మురిపించి, ఆ తర్వాత మెల్లగా పాఠం మింగిస్తాం. పిల్లలు తెలివైనవాళ్లు, తాయిలం తినేసి మందు ఉమ్మేస్తారు. అలా కాకుండా కథలో ఒక ముడి వేసి, దాన్ని చెవితోనే విప్పాల్సి వచ్చేలా చేస్తే వాళ్లు వింటారు. వినమని మనం పదిసార్లు చెప్పాల్సిన పని ఉండదు.

ప్రపంచ సంగీతాలకూ ఇదే కొలత పెట్టుకున్నాను. మంగోలియాలో గోబీ ఎడారి పశువుల కాపరుల దగ్గర ఒక ఆచారం ఉంది. ఒక్కోసారి తల్లి ఒంటె తన పిల్లను దగ్గరికి రానివ్వదు, పాలివ్వదు. అప్పుడు తల్లినీ పిల్లనూ పక్కపక్కన కట్టి, "హూస్, హూస్" అనే పల్లవితో పాట పాడతారు. తోడుగా గుర్రపు తల చెక్కిన రెండు తంత్రుల వాద్యమో, పిల్లనగ్రోవో మోగుతుంది. తల్లి మెత్తబడి పిల్లను దగ్గరికి తీసుకునేదాకా ఆపరు. ఈ ఆచారాన్ని యునెస్కో 2015లో అత్యవసరంగా కాపాడుకోవాల్సిన వాటి జాబితాలో చేర్చింది.

క్లాసులో నేను కథను సగంలో ఆపేస్తాను. "ఒంటెకు భాష రాదు, పైగా కోపంగా ఉంది. మీరైతే ఎలా పాడతారు?" అంటాను. మొదట గట్టిగా పాడతారు. "ఒంటె పారిపోయింది" అంటాను. తర్వాత గబగబా పాడతారు. ఒంటె తన్నింది. కాసేపటికి గొంతులు తగ్గుతాయి, స్వరాలు కిందికి దిగుతాయి, ఒకే ముక్క మళ్లీ మళ్లీ వస్తుంది. "దానికి బోర్ కొట్టి ఒప్పుకునేదాకా పాడాలి టీచర్!" అన్నాడొకడు. పునరావృతి గురించి అంతకంటే మంచి నిర్వచనం నాకు ఇప్పటిదాకా దొరకలేదు. అప్పుడు అసలు పాట వినిపిస్తాను. అప్పటికే వాళ్లు ఆ పనిలో చెయ్యి పెట్టినవాళ్లు కాబట్టి, తోటి పనివాళ్లలా వింటారు.

అన్నిటికీ కథ అతికించనక్కర్లేదు. ఇండోనేషియాలోని బాలీ ద్వీపంలో గమెలాన్ అనే వాద్యబృందం ఉంటుంది, అందులో కంచు పలకల వాద్యాలు జంటలుగా ఉంటాయి. జంటలో ఒకదానికంటే రెండోదాన్ని కావాలనే కాస్త తేడాగా శ్రుతి చేస్తారు. రెండూ కలిసి మోగినప్పుడు నాదం నీటి మీద అలలా వణుకుతుంది. దాన్ని వాళ్లు ‘ఓంబక్’ అంటారు, అంటే అల. వినగానే పిల్లలు, "వీటిలో తప్పు ఏది?" అని అడుగుతారు. శ్రుతి తప్పిందని రోజూ తిట్లు తినేవాళ్లు కదా, అడగరా మరి! ఏదీ తప్పు కాదంటే నమ్మరు. ఆ అపనమ్మకమే పాఠం, దాని మీద ఒక వారం గడపొచ్చు. ఆ తర్వాత ‘కొటేకన్’ ఆడిస్తాను. ఒకే వరుసను ఇద్దరికి పంచితే, ఒకరు వదిలిన సందులో రెండోవాళ్లు కొట్టాలి. బల్ల మీద వేళ్లతో చేస్తే చాలు. తన వంతు మాత్రమే లెక్కపెట్టుకునేవాడు రెండో ఆవృత్తంలోనే తప్పిపోతాడు. పక్కవాణ్ణి వినేవాడు నిలబడతాడు.

ఇక నాకు చిరాకు తెప్పించే సంగతి ఒకటి. గంటలో పది దేశాలు చుట్టేసే కార్యక్రమాలు. కాగితపు జెండాలు, టోపీలు, ఒక్కో దేశానికి రెండేసి నిమిషాలు. పిల్లలకు మిగిలేది టోపీ. ఒక ఏడాదికి రెండు మూడు జాతుల సంగీతం చాలు. వాళ్ల మర్యాదలతో సహా నేర్పాలి. జావాలో గమెలాన్ వాద్యాల మీదుగా ఎవరూ దాటరు, పక్క నుంచి చుట్టి వెళ్తారు. ఆ సంగతి ముందే చెబితే, నిన్నటిదాకా డెస్కులు దూకిన పిల్లలు కూడా చెంచాతో కొట్టే డబ్బా చుట్టూ తిరిగి వెళ్తారు. ఆస్ట్రేలియా ఆదివాసుల పాటల్లో కొన్ని అందరూ వినడానికి కావు, అందరూ పాడడానికి కావు. అవి మన పాఠంలోకి రాకూడదు, అంతే. అలాగే మీరు కల్పించిన కథను "ఫలానా తెగవాళ్లు చెప్పుకునే పురాతన గాథ" అనకండి. "ఇది నేను అల్లాను" అంటే పిల్లలకేమీ లోటు రాదు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, జోలపాట అంటాను. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో 60 దేశాల నుంచి 750 మందికి, 86 చిన్న సమాజాల పాటల్లోంచి 14 సెకన్ల ముక్కలు వినిపించారు. భాష తెలియకపోయినా జోలపాటనూ నాట్యపు పాటనూ బాగానే పోల్చుకున్నారు. ప్రేమపాటల దగ్గర మాత్రం తడబడ్డారట. పెద్దవాళ్లే, పాపం. ఈ ఆట క్లాసులో ఆడించి చూడండి. "నిద్రపుచ్చే పాట" అనగానే ఊరుకోకుండా, "ఎలా తెలిసింది?" అని అడగండి. ఒక బాబు జవాబు చెప్పకుండా చేతులు రెండూ ముడిచి ఊపడం మొదలుపెట్టాడు. ఆ ఊపునే కొలిచి, నేను వాళ్లకు లయ చెప్పాను.

ఇప్పుడు మీకొకటి వినిపిస్తాను. ఎక్కడిదో, ఎందుకు పాడతారో చెప్పను. ఫోన్లు పక్కన పెట్టండి. రెండుసార్లు వింటాం, ఆ తర్వాత ఆ మూల కూర్చున్న వరస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరూ ఏం విన్నారో చెప్పాలి.