ఎవరో ఇచ్చిన మాత్ర

శ్రోతలకు నమస్కారం.

1990లలో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో, సెవెన్ మైల్ రోడ్డు మీద ఒక బట్టల దుకాణం ఉండేది. పేరు హిప్ హాప్ షాప్. శనివారం వచ్చిందంటే అక్కడ బట్టల మధ్యనే ర్యాప్ పోటీలు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. తాళం మొదలవుతుంది. ఎదుటివాణ్ణి ఆశువుగా, ప్రాస తప్పకుండా, మాటలతోనే పడగొట్టాలి. తడబడితే జనం ఊరుకోరు. ఆ పోటీలు నడిపిన కుర్రాడు ప్రూఫ్. అతని ప్రాణస్నేహితుడు మార్షల్ మాథర్స్. ఇప్పుడు లోకమంతా ఎమినెమ్ అని పిలిచే ర్యాప్ గాయకుడు ఇతనే.

అతనికి పేరు, డబ్బు ఎలా వచ్చాయో చాలామందికి తెలుసు. నేను చెప్పదలచుకున్నది ఒక మాత్ర గురించి.

2001లో ఒక సినిమా షూటింగు. రోజుకు 16 గంటల పని, నిద్రకు కొద్ది సమయం. ఒకరోజు ఎవరో నిద్రమాత్ర ఇచ్చారు. ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. ఇది నాకు రోజూ కావాలి అనిపించిందని అతనే తర్వాత చెప్పుకున్నాడు. నిద్రమాత్ర పక్కన నొప్పి మాత్రలు చేరాయి. 2006లో ప్రూఫ్‌ను ఒక క్లబ్బులో కాల్చి చంపారు. ఆ దుఃఖంలో మాత్రలకు లెక్క లేకుండా పోయింది.

2007 డిసెంబరు. మళ్లీ ఎవరో మాత్రలు ఇచ్చారు. ‘నువ్వు వాడేవాటిలాంటివే, కాలేయానికి ఇంకా మంచివి’ అన్నారట. అది మెథడోన్ అనే చాలా బలమైన నొప్పి మందు అని ఇతనికి తెలియదు. స్నానాలగదిలో కుప్పకూలాడు. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే దక్కేవాడు కాదని వైద్యులు చెప్పారు.

బతికాడు, నెల తిరక్కుండా మళ్లీ మాత్రల్లో పడ్డాడు. చివరికి 2008 ఏప్రిల్ 20న మానేశాడు. అప్పుడు తెలిసింది, మాట కూడా పోయిందని. గుక్క తిప్పుకోకుండా ప్రాస కట్టినవాడు ర్యాప్‌ను మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. నాకు ఈ కథలో గుండె పట్టేసే చోటు ఇదే.

ఒకసారి నాకు నిద్ర పట్టడం లేదంటే పక్కింటి పెద్దాయన ప్రేమగా తన మాత్ర ఒకటి ఇచ్చారు. హాయిగా నిద్రపోయాను. మర్నాడు మళ్లీ అడగాలనిపించింది. అడగలేదు. డాక్టరు మీకు రాసిన చీటీలో లేని మాత్ర, ఎంత ప్రేమగా ఇచ్చినా, వద్దు. ఎవరో ఇచ్చిన మాత్ర వద్దు.

ఎమినెమ్ కోలుకుంటున్న రోజుల్లో, 1990లోనే వ్యసనాలు మానిన గాయకుడు ఎల్టన్ జాన్ వారం వారం ఫోను చేసి, ఎలా ఉన్నావని అడిగేవాడు. మనకు అలా అడిగే మనిషి దొరకకపోతే, మత్తు మానాలనుకునేవారి కోసం మన ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు ఉంది. కాగితం, కలం తీసుకోండి. 14446. మళ్లీ చెబుతున్నాను: ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఆరు.