ఎక్కడ జడుసుకున్నాడు?

(విశాఖపట్నంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు వచ్చిన తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, థెరపిస్టులకు నమస్కారం.

చక్కగా ఆడుకుంటున్న పిల్లవాడు ఉన్నట్టుండి అన్నం మానేసినా, నిద్రలో ఉలిక్కిపడి ఏడ్చినా, మన ఇళ్లలో పెద్దవాళ్లు మొట్టమొదట అడిగే మాట "ఎక్కడైనా జడుసుకున్నాడేమో" అని. తాయెత్తు కడితే జడుపు పోతుందా అన్నది వేరే సంగతి. ఆ ప్రశ్న మాత్రం సరైన ప్రశ్న. ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న అడగడం మానేశాం. తల గోడకు కొట్టుకున్నా, వచ్చిన నాలుగు మాటలూ పోయినా, పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టినా "ఆటిజం కదా" అని ఊరుకుంటున్నాం. ముందే ఉన్న నిర్ధారణ నీడలో కొత్త బాధ కనిపించకుండా పోయే ఈ పొరపాటుకు 1982లోనే అమెరికన్ మనస్తత్వవేత్త స్టీవెన్ రైస్, ఆయన సహచరులు 'డయాగ్నస్టిక్ ఓవర్‌షాడోయింగ్' అని పేరు పెట్టారు.

ఆ పొరపాటు నేనూ చేశాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో మన ఊరిని తాకినప్పుడు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఇంట్లో కిటికీ అద్దాలు పగిలి గదిలో పడ్డాయి. ఆ ఇంటి ఆరేళ్ల బాబు, మాటలు దాదాపు లేనివాడు, కరెంటు తిరిగి వచ్చాక ఫ్యాన్ వేస్తే చాలు, చెవులు మూసుకుని మంచం కిందికి దూరడం మొదలుపెట్టాడు. శబ్దాలు పడకపోవడం ఆటిజం లక్షణమేనని ఫైల్లో రాసేశాను. కొన్ని వారాల తరువాత వాళ్లమ్మ నెమ్మదిగా, "తుపానుకు ముందు వాడు ఫ్యాన్ కిందే కదా మేడమ్ పడుకునేవాడు" అన్నారు. లక్షణం పాతదా, కొత్తదా అన్న ఒక్క విషయం నేను అడిగి ఉంటే అన్ని రాత్రులు ఆ బాబు మంచం కింద గడపవలసి వచ్చేది కాదు. ఆ తరువాత ఫ్యాన్ రెగ్యులేటర్‌ను వాడి చేతికే ఇచ్చాం. ఒకటో నెంబరు దగ్గర వాడు ఎన్ని రోజులు ఆగితే అన్ని రోజులు మేమూ ఆగాం.

అందువల్ల ప్రవర్తనలో మార్పు వచ్చినప్పుడు, అది ఏ రోజు మొదలైంది, దానికి ముందు ఇంట్లో, బడిలో, ఆటోలో ఏం జరిగింది అన్నది తేదీతో సహా రాసుకోండి. పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం ఉన్నాయేమో డాక్టరుకు తప్పక చూపించండి. పిల్లవాడు పదే పదే వల్లించే మాటను కూడా తేలిగ్గా తీసుకోకండి. "నోర్మూసుకో, చీకట్లో పెడతా" అన్నది వాడు ఎవరి నోటి నుంచో విన్న మాట అయి ఉండవచ్చు.

అమెరికాలోని ఒమాహా నగరంలో సుమారు 50,000 మంది పిల్లల రికార్డులను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, వైకల్యం ఉన్న పిల్లలు హింసకో నిర్లక్ష్యానికో గురికావడం మిగతా పిల్లల కంటే 3.4 రెట్లు ఎక్కువని తేలింది. స్నానానికి, దొడ్డికి, బట్టలు మార్చడానికి పరాయి చేతుల మీద ఆధారపడే పిల్లలు వీళ్లు. జరిగింది చెప్పడానికి మాట లేనివాళ్లు. దీనికి తోడు మనం ఏళ్ల తరబడి నేర్పేది చెప్పిన మాట వినడం ఒక్కటే. కదలకుండా కూర్చుంటే చాక్లెట్, కదిలితే చేతులు పట్టి నొక్కడం: ఇలా పెరిగిన బిడ్డ, చెడ్డ చెయ్యి మీద పడినప్పుడు మాత్రం ఎలా ఎదిరిస్తుంది? 'వద్దు' అనే బొమ్మ కార్డు, రంగులు నేర్పే కార్డుల కంటే ముందు ఇవ్వవలసిన కార్డు అని నా దృఢమైన అభిప్రాయం. బిడ్డ ఆ కార్డు చూపినప్పుడు, పాఠం సగంలో ఉన్నా సరే, మనం ఆగాలి. కుర్చీకి కట్టి కూర్చోబెట్టడం థెరపీ కాదు, గాయం.

లైంగిక హింస జరిగిందన్న అనుమానం వస్తే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడం తప్పనిసరి. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయవచ్చు. మాట రాని బిడ్డ సాక్ష్యం చెల్లదన్న అపోహతో చాలామంది వెనకడుగు వేస్తున్నారు. వాంగ్మూలం తీసుకునేటప్పుడు స్పెషల్ ఎడ్యుకేటర్ సాయం గానీ, బిడ్డ భావాలు తెలిపే తీరు ఎరిగిన మనిషి సాయం గానీ తీసుకోవచ్చని అదే చట్టంలోని 26వ సెక్షన్ చెబుతోంది. అలాంటి రోజు ఎవరికీ రాకూడదు. వస్తే, ఆ మనిషిగా అక్కడ కూర్చోవలసింది మీలో ఒకరే కావచ్చు గనుక, మీ బిడ్డ ఏ సైగతో నొప్పి అంటుందో, ఏ శబ్దంతో భయం అంటుందో ఈ వారంలోనే ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి.