మలద్వారం దగ్గర చీముగడ్డ: మాత్రలతో ఎందుకు కరగదు?

నమస్కారం. కుర్చీలో నిటారుగా కూర్చోలేక, బరువంతా ఒకే పిరుదుపై మోపి ఒక పక్కకు ఒరిగిన మనిషిని చూడగానే సర్జన్‌కు సగం సంగతి అర్థమవుతుంది. అప్పటికే ఆ మనిషి మొలలేమోననుకుని, ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గుపడి, మూడు నాలుగు రోజులుగా మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంట్ రాసుకుంటూ ఉంటారు. ఆ సిగ్గే ఈ జబ్బును ముదరబెడుతుంది.

మొలల్లో సాధారణంగా నొప్పి లేకుండా రక్తం పడుతుంది. ఫిషర్, అంటే మలద్వారం అంచున చీలిక ఉంటే విరేచనమయ్యేటప్పుడు కోసినట్లు మంట పుడుతుంది. చీముగడ్డ నొప్పి మాత్రం వేళాపాళా లేకుండా సలుపుతూనే ఉంటుంది. దగ్గినా పోటు పొడుస్తుంది, చాలామందికి చలిజ్వరం కూడా వస్తుంది.

(తెరపై: మలద్వారం నిలువుకోత చిత్రం)

అంచు నుంచి సుమారు 2 సెంటీమీటర్ల లోపల, రంపపు పళ్లలాంటి ఈ గీతను చూడండి. దీని వెంబడి జిగురు స్రవించే చిన్న గ్రంథుల నోళ్లు ఉంటాయి. వాటిలో ఒకటి పూడుకుపోతే లోపల బ్యాక్టీరియా పెరిగి చీము పడుతుంది. ఆ గ్రంథులు బిగింపు కండరాల మధ్య వరకు చొచ్చుకుని ఉండడం వల్ల, చీము ఆ సందు వెంట కిందికి దిగితే చర్మం కింద ఎర్రని గడ్డగా తేలుతుంది. పక్కకు పాకితే పిరుదు లోపలి కొవ్వులో చేరుతుంది, అక్కడ ఎంత చీము నిండినా పైకి వాపు కనిపించకపోవచ్చు.

ఇక చికిత్స. గూడుకట్టిన చీములో రక్తప్రసరణ ఉండదు కాబట్టి యాంటీబయాటిక్ అక్కడికి చాలినంతగా చేరదు. అందుకే మత్తు ఇచ్చి, గాటు పెట్టి చీము తీసేయడమే అసలు వైద్యం. చుట్టూ చర్మానికి ఇన్‌ఫెక్షన్ పాకినప్పుడు, షుగర్ ఉన్నప్పుడు, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు దానికి తోడుగా యాంటీబయాటిక్ ఇస్తారు. గాయానికి కుట్లు వేయరు, అడుగు నుంచి పైకి పూడుతూ రావాలి. అందులో రోజూ గాజుగుడ్డ కుక్కడం పాత అలవాటు. 2022లో వెలువడిన పీపీఏసీ2 అనే బ్రిటిష్ అధ్యయనంలో అలా కుక్కినవారికి నొప్పి ఎక్కువగా ఉందని, గడ్డ తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. కాబట్టి గుడ్డ పెట్టలేదని కంగారు పడకండి. గోరువెచ్చని నీళ్ల టబ్బులో రోజుకు రెండు మూడుసార్లు కూర్చుంటే హాయిగా ఉంటుంది.

షుగర్ ఉన్నవారిని ప్రత్యేకంగా వేడుకుంటున్నాను, ఒక్క రాత్రి కూడా ఆగవద్దు. చర్మం నల్లబడినా, వాపు వృషణాల వైపు పాకినా అది ఫోర్నియర్స్ గ్యాంగ్రీన్, అంటే ఆ భాగంలో కండ వేగంగా కుళ్లిపోయే ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ కావచ్చు.

చీము తీయించుకున్నవారిలో దాదాపు మూడోవంతు నుంచి సగం మందికి లోపలి గ్రంథి నోటికీ బయటి చర్మానికీ మధ్య ఒక దారి మిగిలిపోతుంది. అదే ఫిస్టులా, అంటే భగందరం. గాయం మానిందనుకున్న చోటే మళ్లీ మళ్లీ చెమ్మ ఊరుతుంటే, లోదుస్తులపై పసుపు మరక కనిపిస్తుంటే తిరిగి సర్జన్‌కు చూపించండి. అవసరమైతే ఎంఆర్ఐతో ఆ దారి ఏ కండరం గుండా పోతోందో చూసి, మలాన్ని ఆపుకునే శక్తి చెడకుండా చికిత్స ఎంచుకుంటారు. పదేపదే వస్తుంటే క్షయకూ, పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే క్రోన్స్ వ్యాధికీ పరీక్షలు చేయిస్తారు.