రెండో గేరు కర్రుమంటోంది: పాత కారుకు ఏ గేర్ ఆయిల్?

వ్యాఖ్యాత: నమస్కారం. వాహనాల మరమ్మతుపై ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. మీ సందేహాలు తీర్చడానికి సీనియర్ మెకానిక్ ఒకరు మనతో ఉన్నారు. మొదటి శ్రోత లైన్లో ఉన్నారు, చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. నాది 1996 మోడల్ కారు, మాన్యువల్ గేర్లు. ఈమధ్య గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించాను. అప్పటి నుంచి మూడో గేరు నుంచి రెండుకు దించితే కర్రుమంటోంది. పోయించింది ఖరీదైన ఆయిలే.

మెకానిక్: ఖరీదు సంగతి తర్వాత చూద్దాం. ఆ డబ్బా దగ్గరుందా? వెనక చిన్న అక్షరాల్లో జీఎల్ అని ఉంటుంది. పక్కన అంకె ఎంత?

శ్రోత: ఉండండి... జీఎల్-5. కింద 75డబ్ల్యూ-90 అని ఉంది.

మెకానిక్: 75డబ్ల్యూ-90 చిక్కదనం కొలత. కారుతో వచ్చిన పుస్తకంలో జీఎల్ ఎంత?

శ్రోత: జీఎల్-4. అమ్మినాయన, 5 దొరుకుతుంటే 4 ఎందుకండీ అన్నారు.

మెకానిక్: అందరూ అనేది అదే. ఆ అంకె నాణ్యతను చెప్పదండి, ఆ ఆయిల్ ఏ పనికో చెబుతుంది. జీఎల్-5 ముఖ్యంగా డిఫరెన్షియల్‌లోని, అంటే చక్రాలకు శక్తిని పంచే భాగంలోని, హైపాయిడ్ అనే వంపు పళ్ల గేర్ల కోసం. వాటి పళ్లు విపరీతమైన ఒత్తిడిలో ఒకదాని మీద ఒకటి జారుతూ రాసుకుంటాయి. మామూలు ఆయిల్ పొర అక్కడ నిలవదు. అందుకని గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు కలుపుతారు. వేడికి అవి ఉక్కు మీద పలుచని రక్షణ పొర కడతాయి. జీఎల్-4లోనూ ఆ రసాయనాలు ఉంటాయి, కానీ మోతాదు దాదాపు సగమే.

శ్రోత: రక్షణ ఎక్కువైతే మంచిదే కదండీ, నష్టమేముంది?

మెకానిక్: గేర్‌బాక్సులో ప్రతి చోటా జారుడు పనికిరాదు. మీ కారులో గేర్ల పక్కన ఇత్తడి రింగులు ఉంటాయి, సింక్రోనైజర్ రింగులంటాం. మీరు గేరు రాడ్డు నెట్టగానే రింగు వెళ్లి గేరు మీది శంకువులాంటి భాగాన్ని పట్టుకుంటుంది. ఆ రాపిడితోనే రెండింటి వేగం సమానమవుతుంది. ఆ తర్వాతే పళ్లు కలవాలి. రింగు లోపలి వైపు సన్నని గాళ్లు ఉంటాయి చూడండి, అవి ఆయిల్ పొరను చీల్చి పట్టు దొరకడానికే. అక్కడ అతిగా జారే ఆయిల్ పోస్తే బ్రేకు డ్రమ్ములో గ్రీజు పూసినట్టే. వేగాలు కలవకముందే పళ్లు ఢీకొంటాయి. పై గేరుకు మారేటప్పుడు కన్నా కింది గేరుకు దించేటప్పుడే ఇది బయటపడుతుంది, రింగుకు అక్కడ పని ఎక్కువ మరి.

శ్రోత: జీఎల్-5 ఇత్తడిని తినేస్తుందని కూడా విన్నాను.

మెకానిక్: పాత తరం ఆయిళ్ల విషయంలో ఆ భయం నిజమే. వేడి మీద గంధకం రాగి కలిసిన లోహాలను నల్లబరుస్తుంది. ఆయిల్ రాగిని నల్లబరుస్తుందా అని రాగి పట్టీ ముంచి పరీక్షిస్తారు, ఇప్పటి ఆయిళ్లు చాలావరకు అందులో నెగ్గుతాయి. కానీ ఇత్తడిని తినకపోవడం వేరు, రింగుకు పట్టునివ్వడం వేరు. కొన్ని డబ్బాల మీద 4, 5 రెండూ కలిపి రాస్తారు. నన్నడిగితే అలాంటివి వద్దంటాను. మీరు ఉన్న ఆయిల్ తీసేసి జీఎల్-4, అదే 75డబ్ల్యూ-90 పోయించండి. కొంతకాలం నడిపాక కూడా చప్పుడు తగ్గకపోతే రింగులే అరిగాయని అర్థం.

వ్యాఖ్యాత: అయితే పాత కార్లన్నిటికీ జీఎల్-4 అనుకోవచ్చా?

మెకానిక్: అలా అనుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. 1959లో వచ్చిన మినీ కారులో ఇంజినుకూ గేర్‌బాక్సుకూ ఒకే ఆయిల్. కొన్ని మాన్యువల్ గేర్‌బాక్సులకు ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్, పోయమంటారు. జీఎల్-5 పోయమని పుస్తకంలో ఉంటే అదే పోయాలి. ఇంకో మాట. 90 అంకె చూసి, 40 ఇంజిన్ ఆయిల్‌కు రెండింతలు చిక్కన అని భయపడకండి. ఇంజిన్ ఆయిల్ కొలత పట్టిక వేరు, గేర్ ఆయిల్ పట్టిక వేరు. 100 డిగ్రీల వేడిలో 90 గేర్ ఆయిల్ చిక్కదనం సుమారుగా 40, 50 ఇంజిన్ ఆయిళ్ల దగ్గరే ఉంటుంది.

వ్యాఖ్యాత: మరో శ్రోత. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే సార్. మా పాత కారులో రివర్స్ వేస్తే గరగరలాడుతోంది. కాస్త చిక్కటి ఆయిల్ పోస్తే తగ్గుతుందా?

మెకానిక్: ముందు ఒకటి చేసి చూడమ్మా. బండి ఆపి, క్లచ్చు పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. చాలా పాత కార్లలో రివర్స్‌కు సింక్రోనైజర్ రింగు ఉండదు. ఆగి వేస్తే చప్పుడు లేదంటే తొందర తగ్గించుకుంటే చాలు. ఆగినా గరగరలాడితే క్లచ్చు పూర్తిగా విడవడం లేదు. దానికి ఏ ఆయిలూ మందు కాదు. చిక్కటిది పోస్తే బేరింగుల మోత కొంత అణుగుతుందేమో గానీ, చలి ఉదయాన గేరు పడడానికి మొరాయిస్తుంది.

శ్రోత: ఆయిల్ నేనే మార్చుకోవచ్చా సార్?

మెకానిక్: నిక్షేపంగా. కింద దూరేముందు కారును స్టాండ్ల మీద నిలపాలి, జాకీని నమ్మొద్దు. కొంత దూరం నడిపి, ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తీయండి. పైనున్న ఫిల్లర్ బోల్టు ముందు విప్పాలి, కింది డ్రెయిన్ బోల్టు తర్వాతే. ఆయిలంతా కారిపోయాక పై బోల్టు తుప్పుపట్టి రాలేదనుకోండి, బండి కదలదు. కింది బోల్టుకు అయస్కాంతం ఉంటే బూడిదరంగు మెత్తని ముద్ద కనిపిస్తుంది, అది మామూలే. వేలికి గుచ్చుకునే ఉక్కు ముక్కలు దొరికితే మాత్రం మెకానిక్‌కు చూపించండి. ఆయిల్లో బంగారు రంగు మెరుపులు ఎక్కువగా ఉంటే ఇత్తడి రింగులు అరుగుతున్నట్టు.

శ్రోత: ఎంత పోయాలో ఎలా తెలుస్తుంది?

మెకానిక్: పుస్తకంలో లీటర్ల లెక్క ఉంటుంది. సాధారణంగా ఫిల్లర్ రంధ్రమే కొలత. కారు నాలుగు వైపులా సమానంగా ఉండాలి సుమా, ఒక పక్కే ఎత్తితే లెక్క తప్పుతుంది. పోస్తూ ఉండండి, రంధ్రం అంచు నుంచి సన్నగా కారడం మొదలవగానే ఆపి, ధార ఆగాక కొత్త వాషరుతో బోల్టు బిగించండి.