"యూరప్ అభిప్రాయం" అనే అంకె ఎలా తయారవుతుంది?

అందరికీ నమస్కారం. "వలసలంటే యూరప్‌కు గిట్టడం లేదు", "ఈయూ మీద నమ్మకం మళ్లీ పెరిగింది" లాంటి శీర్షికలు మన పత్రికల్లోనూ వస్తుంటాయి. పిల్లలు జర్మనీలోనో ఐర్లండ్‌లోనో చదువుకుంటున్న ఇళ్లలో వీటిని గుబులుగా చదువుతారు. అందుకే ఆ అంకె పుట్టుక గురించి మాట్లాడదలచుకున్నాను.

ఇలాంటి వార్తల్లో చాలావాటికి మూలం యూరోబారోమీటర్. యూరోపియన్ యూనియన్ (ఈయూ) పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ 1974 నుంచి ఈ సర్వే చేయిస్తోంది. ప్రధాన సర్వే ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. ఒక్కో దేశంలో సుమారు 1000 మందిని, జర్మనీలో 1500 మందిని, మాల్టా, సైప్రస్, లక్సెంబర్గ్‌లలో 500 మంది చొప్పున అడుగుతారు. ఇంటింటి పద్ధతిలో అయితే మొదటి చిరునామాను లాటరీ తీసినట్టు తీసి, అక్కడి నుంచి ఇన్ని ఇళ్లకు ఒకటని లెక్కపెట్టుకుంటూ వెళ్తారు. తలుపు తీసిన మనిషినే అడిగేయకూడదు. 15 ఏళ్లు నిండినవాళ్లలో ఎవరి పుట్టినరోజు దగ్గర్లో ఉందో కనుక్కుని, వాళ్లనే అడగాలి. ఈ నియమం సడలితే పగలు ఇంటిపట్టున ఉండే పెద్దవయసువాళ్లే లెక్కలో నిండిపోతారు.

1000 మందిలో 50 శాతం "అవును" అంటే, అసలు విలువ 47కీ 53కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 500 మందే అయితే తేడా అటూ ఇటూ 4.4 పాయింట్లు. ఇదీ కాగితం మీది లెక్కే. ఇళ్లను గుంపులుగా ఎంచుతారు కాబట్టి నిజమైన తేడా ఇంకాస్త ఎక్కువ. ఒక దేశంలో ఆరు నెలల్లో మద్దతు 3 పాయింట్లు పడిపోయిందంటే దానికి అర్థం వెతకడం దండగ. "యువత ఇలా అనుకుంటోంది" అన్నప్పుడు మరీ జాగ్రత్త. ఆ వెయ్యిలో యువత 120 మందే ఉంటే తేడా దాదాపు 9 పాయింట్లు.

ఈయూ సగటుది ఇంకో చిక్కు. దాన్ని జనాభా ప్రకారం తూకం వేస్తారు. 27 దేశాల జనాభాలో మూడింట రెండొంతులు జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, పోలండ్‌లలోనే ఉంది. ఎస్టోనియా లాంటి చిన్న దేశం మొత్తం మనసు మార్చుకున్నా సగటు కదలదు. నా మటుకు దేశాలవారీ పట్టిక చూడకుండా సగటును నమ్మను.

అయితే దీర్ఘకాలపు ఊగిసలాట నిజమే. ఈయూ మీద నమ్మకం 2007లో 57 శాతం. అప్పుల సంక్షోభం వచ్చాక 2012లో 31కి పడింది. 2025 వసంతంలో 52కి చేరింది. అంత పెద్ద మార్పును కొద్దిమందినే అడగడం వల్ల వచ్చిన పొరపాటు అనలేం.

వలసల దగ్గర అసలు కిటుకు ప్రశ్నలోనే ఉంది. 2015 శరత్కాలంలో "ఈయూ ముందున్న ముఖ్య సమస్యలేవి?" అంటే 58 శాతం వలసల పేరు చెప్పారు. "మీ దేశం ముందున్నవి?" అంటే 36 శాతమే. "మీకు సొంతంగా?" అని అడిగితే ఆ మాట ఇంకా వెనక్కి పోతుంది. వార్తకెక్కేది మొదటి అంకె. పైగా ఈయూ దేశాల మధ్య వలసనూ, బయటి దేశాల నుంచి వచ్చే వలసనూ విడివిడిగా అడుగుతారు. మొదటిదాన్ని ఎక్కువమంది మంచిదంటారు, రెండోదాన్ని తక్కువమంది. ఏ ప్రశ్నకు జవాబో చెప్పని వార్తతో మనకు పనిలేదు.

మన పిల్లలకు నేరుగా తగిలే విషయం ఇంకొకటుంది. యూరోబారోమీటర్ ప్రధాన సర్వే అడిగేది ఈయూ పౌరులనే. భారత పాస్‌పోర్టుతో బెర్లిన్‌లో పదేళ్లుగా పన్ను కడుతున్నా ఆ లెక్కలోకి రారు. 2002 నుంచి రెండేళ్లకోసారి జరుగుతున్న యూరోపియన్ సోషల్ సర్వే తీరు వేరు. పౌరసత్వంతో పనిలేకుండా, అక్కడ సొంత ఇంట్లోనో అద్దె ఇంట్లోనో ఉంటున్న 15 ఏళ్లు దాటినవాళ్లందరూ దాని పరిధిలోకి వస్తారు. ఎంపికైన మనిషి దొరక్కపోతే పక్కింటివాళ్లను అడగడానికి వీల్లేదు. ఇంటింటికీ వెళ్లిన విడతల్లో కనీసం నాలుగుసార్లు ప్రయత్నించాలన్నది నియమం. అందులో ఒకటి సాయంత్రం, ఒకటి వారాంతం. ఈ సర్వే నుంచి పిలుపు వస్తే మన పిల్లలు తప్పకుండా జవాబివ్వాలి.