ఈ వారం మెట్ల వంతు మాది

హాయ్ అండీ, ఈ శనివారం వ్లాగ్‌లో కోటలూ కొండలూ ఏం లేవు, మా బిల్డింగ్ మెట్లే. తలుపుకి వేలాడుతున్న ఈ బోర్డు చూశారా, దీని మీద 'కేర్‌వోఖె' అని రాసుంది, అంటే ఊడ్చే వారం. జర్మనీలో మేముండే ఈ స్టుట్‌గార్ట్ వైపు ఇది పాత అలవాటు. బోర్డు ఎవరి గుమ్మానికి ఉంటే ఆ వారం వాళ్ళ వంతు, పనయ్యాక పక్కవాళ్ళ తలుపుకి తగిలించాలి. చిన్న వంతు అంటే మన అంతస్తు మెట్లు, పెద్ద వంతు వస్తే సెల్లారు, బయట ఫుట్‌పాత్, చలికాలమైతే మంచు ఎత్తిపోయడం కూడా. 1714లోనే ఇక్కడి డ్యూక్ వీధుల శుభ్రత మీద ఉత్తర్వు వేశాడు. 1988లో నగరం ఈ ఊడ్చే వంతు రూలు తీసేసినా అద్దె అగ్రిమెంట్లలో మాత్రం అలాగే ఉండిపోయింది. నేను ఆ పేజీ చదవకుండానే సంతకం పెట్టా, అది వేరే కథ.

మొదటిసారి బోర్డు చూసి ఏదో ప్రకటన అనుకుని సొరుగులో పడేశాను. నాలుగు రోజులకి కింది ఇంటి ముసలావిడ తలుపు కొట్టి, ఏమీ అనకుండా బకెట్ తెచ్చి, మూలలు ఎలా తుడవాలో చేసి చూపించింది. ఆవిడ బ్యాంకు మేనేజరుగా రిటైరైంది! పై అంతస్తు డాక్టరుగారూ వంతు తప్పరు.

అమ్మ వీడియో కాల్‌లో చూసి "ఎమ్మెస్ చదివించింది మెట్లు తుడవడానికా నాన్నా" అంది. వెనకనుంచి నాన్న, "మా అమ్మ రోజూ చీకటితో లేచి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లేది, ఆవిడకెవరు తగిలించారే బోర్డు?"

నాకు మాత్రం కూకట్‌పల్లి గుర్తొచ్చింది. అక్కడ అయిదంతస్తుల మెట్లు వాచ్‌మన్ భార్య తుడిచేది, నాలుగేళ్ళు ఆ తడి మీదే బూట్లతో దిగాను, ఆవిడ పేరు కూడా అడగలేదు. ఇప్పుడు నేను తుడిచిన అయిదు నిమిషాలకే ఎవరో బురద కాళ్ళతో ఎక్కితే ఒళ్ళు మండిపోతుంది.

పోయిన సెలవుల్లో వెళ్ళినప్పుడు ఆవిడ తుడుస్తుంటే కిందే నిలబడ్డాను. కంగారుపడి "ఏం కావాలి సార్?" అంది. ఏం లేదమ్మా, ఆరనీ అన్నాను.

"తొక్కుకుంటూ పొండి సార్, మళ్ళీ తుడుస్తాలే."

సరేనండీ, ఇంకా పదకొండు మెట్లున్నాయి, నీళ్ళు చల్లారిపోతున్నాయి.