రేస్ ఇరుక్కుపోతే కారు ఆపడం ఎలా?

(రహదారి భద్రతా మాసం సందర్భంగా ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మీరు యాక్సిలరేటర్, అదే మనం రేస్ అంటామే, దాని మీద నుంచి కాలు తీసేశారు. పెడల్ మాత్రం పైకి రాలేదు. కారు ఇంకా వేగం పెంచుకుంటూనే పోతోంది. ఈరోజు మాట్లాడుకోబోయేది దీని గురించే. చాలా అరుదుగా వచ్చే ఇబ్బందే ఇది. కానీ వచ్చిందంటే ఆలోచించుకోవడానికి టైమ్ ఉండదు, అందుకే ఆ ఆలోచనేదో ఇప్పుడే చేసి పెట్టుకుందాం.

చేయాల్సింది ముందు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. బ్రేకు మీద బలమంతా పెట్టి ఒకేసారి తొక్కండి, తొక్కిన కాలు వదలకండి. ఆ పని చేస్తూనే గేరు న్యూట్రల్‌లోకి నెట్టండి. మాన్యువల్ గేర్ల బండి అయితే క్లచ్ పూర్తిగా తొక్కి పట్టండి. ఇండికేటర్ వేసి రోడ్డు పక్కకు తెచ్చి ఆపండి. బండి పూర్తిగా ఆగిన తర్వాతే ఇంజన్ ఆఫ్ చేయండి. ఇంతే విషయం. దీనికి ఉపన్యాసం దేనికి అంటారేమో! ఈ నాలుగు పనులూ తెలిసినవాళ్లు కూడా సమయానికి చేయలేకపోతున్నారు. ఎందుకు చేయలేకపోతున్నారన్నదే నేను చెప్పాలనుకుంటున్నది.

2009 ఆగస్టు 28న అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాన్‌డియేగో దగ్గర శాంటీ అనే ఊళ్లో ఒక ప్రమాదం జరిగింది. బండి నడుపుతున్నది హైవే పెట్రోల్ అధికారి, ఆ సమయంలో డ్యూటీలో లేరు. అంటే రోడ్డు మీద వేగంగా బండి నడపడమే ఉద్యోగంగా ఉన్న మనిషి. కారులో ఆయన భార్య, కూతురు, బావమరిది ఉన్నారు. అది సొంత కారు కాదు. తమ కారు సర్వీసింగ్‌కు ఇస్తే డీలర్ తాత్కాలికంగా ఇచ్చిన లెక్సస్ ఈఎస్ 350. హైవే మీద రేస్ ఇరుక్కుపోయింది. బావమరిది అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసి యాక్సిలరేటర్ ఇరుక్కుందని, బ్రేకులు పనిచేయడం లేదని చెప్పారు. ఆ కాల్ నడుస్తుండగానే హైవే అయిపోయి కూడలి వచ్చేసింది. కారు గంటకు 160 కిలోమీటర్లకు పైగా వేగంతో ఇంకో బండిని గుద్ది, గట్టు దాటి పడి తగలబడింది. నలుగురూ చనిపోయారు.

దర్యాప్తులో తేలినదేమిటంటే, ఆ కారులో వేసిన రబ్బరు మ్యాట్ దానిది కాదు. అదే కంపెనీ తయారుచేసిన ఒక ఎస్‌యూవీ కోసం చేసిన మ్యాట్. సైజు సరిపోక, కొక్కేలకు తగిలించక, ముందుకు జరిగి యాక్సిలరేటర్‌ను పట్టేసింది. ఆ కారుకు తాళం చెవి తిప్పే పద్ధతి లేదు, పుష్ బటన్. నడుస్తుండగా ఇంజన్ ఆపాలంటే ఆ బటన్‌ను మూడు సెకన్ల దాకా నొక్కి పట్టుకోవాలి. కొత్త కారు చేతికొచ్చిన మనిషికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

ఇందులో చాలామందికి తెలియని ముక్క ఇంకొకటి ఉంది. ప్రమాదానికి కొద్ది రోజుల ముందే అదే కారును అదే డీలర్ మరో కస్టమర్‌కు ఇచ్చారు. ఆయనకూ హైవే మీద ఇలాగే రేస్ ఇరుక్కుంది. ఆయన బ్రేకును గట్టిగా తొక్కి వేగం తగ్గించి, న్యూట్రల్ వేసి, పక్కకు తీసి బండి ఆపుకున్నారు. కిందికి చూస్తే మ్యాట్ పెడల్‌ను పట్టుకుని ఉంది. కారు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ సంగతి డీలర్ దగ్గర చెప్పారు కూడా. కారు ఒకటే, మ్యాట్ ఒకటే. ఒకరు బతికి బయటపడ్డారు, ఇంకో కుటుంబం మొత్తం పోయింది. డ్రైవింగ్ నైపుణ్యంలో తేడా అనుకుంటే పొరపాటు, పోయినవాళ్లలో ఉన్నది పోలీసు డ్రైవరు.

ఇప్పుడు బ్రేకుల సంగతి. ఇంజన్ బలమా, బ్రేకు బలమా అని అడిగితే చాలామంది ఇంజన్ అంటారు. మనం రోజూ వాడే మామూలు హ్యాచ్‌బ్యాక్‌ను తీసుకోండి. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి పన్నెండు పదమూడు సెకన్లు పడుతుంది. అదే వంద నుంచి సున్నాకు రావడానికి గట్టిగా తొక్కితే మూడు నాలుగు సెకన్లు చాలు. అంటే బ్రేకులు ఇంజన్ కన్నా మూడు రెట్లకు పైగా బలమైనవి. ఆ శాంటీ ప్రమాదం తర్వాత అమెరికాలో ఒక కార్ల పత్రిక వాళ్లు ఆరు సిలిండర్ల టొయోటా క్యామ్రీని గంటకు 112 కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి బ్రేకు వేసి చూశారు. మామూలుగా ఆగే దూరం కన్నా కేవలం 16 అడుగులు ఎక్కువ పట్టింది, అంతే.

మరి శాంటీలో బ్రేకులు లేవని ఎందుకన్నారు? మీ బ్రేకు పెడల్ తేలిగ్గా దిగుతోందంటే దాని వెనక బూస్టర్ అనే డబ్బా సాయం చేస్తోందని అర్థం. పెట్రోలు కార్లలో ఎక్కువగా ఆ బూస్టర్‌కు కావలసిన వాక్యూమ్, అంటే గాలిని లాగేసే పీల్పు, ఇంజన్ నుంచే వస్తుంది, అదీ రేస్ వదిలినప్పుడే బాగా వస్తుంది. రేస్ పూర్తిగా తెరుచుకుని ఉంటే వాక్యూమ్ తయారవదు. డబ్బాలో అప్పటికే నిల్వ ఉన్నది ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపోతుంది. కంగారులో మనం చేసేది ఏమిటి? తొక్కి వదిలి, తొక్కి వదిలి చూస్తాం. మూడోసారికి పెడల్ రాయిలా గట్టిపడుతుంది. దిగదు. బ్రేకు ఫెయిలైందని అరుస్తాం. నిజానికి ఉన్న సాయాన్ని మనమే ఖర్చు చేసేసుకున్నాం. డీజిల్ బండ్లకు వాక్యూమ్ పంపు వేరుగా ఉంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ.

వేడి గురించి మాత్రం ఏ బండికైనా భయపడాల్సిందే. సగం సగం తొక్కుతూ, కారును ఒక వేగం దగ్గర అదుపులో పెట్టుకుని కిలోమీటర్ల కొద్దీ పోతే డిస్కులు ఎర్రగా కాలిపోతాయి, ప్యాడ్లు పట్టు వదిలేస్తాయి. ఆ తర్వాత ఎంత తొక్కినా లాభం లేదు. అందుకే మెల్లగా చూద్దాం అనుకోవద్దు, మొదటి తొక్కుడే పూర్తి తొక్కుడు కావాలి. చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండిలో పెడల్ అదురుతుంది, అదరనివ్వండి.

ఇక న్యూట్రల్. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు పని ఇదే. న్యూట్రల్ వేయగానే ఇంజన్‌కు చక్రాలతో సంబంధం తెగిపోతుంది. ఆపైన అది ఎంత అరిచినా కారును ముందుకు తోయలేదు. ఆటోమేటిక్ లివర్ ఉన్న చాలా కార్లలో డి (డ్రైవ్) నుంచి ఎన్ (న్యూట్రల్) లోకి రావడానికి లివర్ మీది బటన్ నొక్కాల్సిన పని కూడా లేదు, ముందుకు ఒక్క తోపు తోస్తే చాలు. క్లచ్, గేర్ల పని తనే చూసుకునే ఏఎంటీ బండ్లలో కూడా నడుస్తుండగా ఎన్ పడుతుంది. గుండ్రంగా తిప్పే నాబ్‌లు, బటన్లు ఉన్న కొత్త కార్లలో, ఎలక్ట్రిక్ కార్లలో కొన్నింటికి ఎన్‌ను ఒకటి రెండు సెకన్లు అలాగే పట్టుకోవాల్సి ఉంటుంది. మీ కారుకు ఏది వర్తిస్తుందో కారుతో ఇచ్చే మాన్యువల్ పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం డాష్‌బోర్డులో ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా ఉంటుందని నాకు తెలుసు.

అసలు చిక్కు న్యూట్రల్ వేశాక వస్తుంది. లోడు తీసేసిన ఇంజన్ ఒక్కసారిగా గొంతు చించుకుని అరుస్తుంది. బానెట్ కింద ఏదో పేలిపోతోందేమో అన్నంత చప్పుడు. భయపడి మళ్లీ డి వేసేస్తారు. మాన్యువల్ బండిలో క్లచ్ తొక్కితే కూడా అదే అరుపు, వెంటనే క్లచ్ వదిలేస్తారు. పోయిన ఊపు మళ్లీ చక్రాలకు చేరుతుంది. ఇప్పటి ఇంజన్లన్నింటికీ వేగానికి హద్దు ఉంటుంది, దాన్ని దాటకుండా కంప్యూటర్ ఇంధనం ఆపుతుంది. ఒకవేళ ఇంజన్ పాడైపోయినా పోనివ్వండి. అరవనివ్వండి, మీరు బ్రేకు మీదే ఉండండి. దయచేసి ఈ మాట ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ చెప్పండి.

తాళం గురించి ఒక హెచ్చరిక. కంగారులో ముందు తాళం తీసేయాలనిపిస్తుంది. వద్దు. తాళం పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది, అప్పుడు కారు ఎటు పోతే అటే. న్యూట్రల్ ఏ కారణంగానైనా పడకపోతేనే ఇంజన్ ఆపండి, అది కూడా తాళాన్ని ఒక్క మెట్టు మాత్రమే వెనక్కి తిప్పి. పుష్ బటన్ అయితే నొక్కి పట్టుకోండి, చాలా కార్లలో రెండు మూడు సెకన్లు. ఇంజన్ ఆగాక స్టీరింగ్ బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది. హ్యాండ్ బ్రేకును వేగంలో ఉండగా గుంజితే వెనక చక్రాలు పట్టేసి కారు గిర్రున తిరుగుతుంది, అది కడపటి మాట. కొత్త కార్లలో ఉండే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు వేరు. దాని స్విచ్‌ను లాగి పట్టుకుంటే చాలా మోడళ్లు అదుపు తప్పకుండా ఆపుతాయి.

ఎట్టి పరిస్థితిలోనూ వంగి చేత్తో పెడల్ లాగే ప్రయత్నం చేయొద్దు. రోడ్డు ఖాళీగా ఉంటే కాలితో ఒక్కసారి తట్టి చూడొచ్చు. ఒక్కసారే.

శాంటీ ప్రమాదం తర్వాత ఏమైందో కూడా కొంచెం చెబుతాను. లెక్సస్‌ను తయారుచేసే టొయోటా ఆ ఏడాదే అమెరికాలో దాదాపు 38 లక్షల కార్లను మ్యాట్ల కారణంగా రీకాల్ చేసింది, అంటే సరిచేయడానికి వెనక్కి పిలిచింది. 2010 జనవరిలో పెడలే అంటుకుపోతోందంటూ ఇంకో 23 లక్షలు. ఎలక్ట్రానిక్స్‌లో లోపం ఉందేమోనని అంతరిక్ష సంస్థ నాసా ఇంజనీర్లతో పది నెలలు పరీక్షలు చేయించారు. 2011 ఫిబ్రవరిలో వచ్చిన ఆ నివేదిక, ఇంత వేగాలకు కారణమయ్యే ఎలక్ట్రానిక్ లోపం కనిపించలేదని చెప్పింది. 2014లో కంపెనీ 120 కోట్ల డాలర్లు కట్టి అమెరికా న్యాయశాఖతో కేసు పరిష్కరించుకుంది. వీటన్నింటి వల్ల జరిగిన మంచి ఒకటుంది. బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి నొక్కుడుపడితే బ్రేకు మాటే వినే సాఫ్ట్‌వేర్ కార్లలోకి విరివిగా వచ్చింది. అయినా 2024 ఏప్రిల్‌లో టెస్లా తన సైబర్‌ట్రక్ అనే ఎలక్ట్రిక్ బండ్లు 3,878 వెనక్కి పిలిచింది. యాక్సిలరేటర్ మీది మెటల్ తొడుగు జారి, పెడల్ పైన ఉండే లోపలి ప్యానెల్‌లో ఇరుక్కునేది. తొడుగు బిగించేటప్పుడు సులువుగా ఎక్కుతుందని సబ్బు రాశారట! ఎంత కొత్త టెక్నాలజీ అయినా కాలి దగ్గర ఇంకా ఒక పెడల్, ఒక మ్యాట్ ఉంటాయి.

మన దగ్గర మ్యాట్ల సంగతి ఇంకా ఘోరం. కంపెనీ మ్యాట్ మీద యాక్సెసరీస్ షాపువాడు వేసే మందపాటి సెవెన్‌డీ మ్యాట్, దాని మీద దుమ్ము పడకుండా ఇంకొకటి. డ్రైవర్ వైపు ఒకటే మ్యాట్ ఉండాలి, అది ఆ మోడల్‌దే అయ్యుండాలి, కొక్కేలకు తగిలి ఉండాలి. సీటు కింద దొర్లే నీళ్ల బాటిల్ ఇంకా ప్రమాదం, అది బ్రేకు కిందికి వచ్చి చేరితే నేను ఇప్పటిదాకా చెప్పినదంతా వృథా. వదులుగా ఉన్న చెప్పులతో నడపడమూ అంతే. పాత బండి అయితే యాక్సిలరేటర్ కేబుల్ పోగులు లేచిందేమో, పెడల్ మెల్లగా వెనక్కి వస్తోందేమో మెకానిక్‌తో చూపించుకోండి.

కొంచెం చేదు విషయం. రేస్ ఇరుక్కుందని చెప్పిన కేసుల్లో చాలావాటిలో నిజానికి ఇరుక్కున్నది ఏమీ లేదు, కాలు తప్పు పెడల్ మీద ఉంది. 1980ల్లో ఆడి 5000 కారు తనంతట తానే దూసుకుపోతోందని అమెరికాలో పెద్ద గొడవ జరిగి, చివరికి 1989లో ప్రభుత్వ సంస్థ ఎక్కువ భాగం పెడల్ పొరపాట్లేనని తేల్చింది. 2019లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ల మనిషి నడుపుతున్న కారు ఒక తల్లిని, మూడేళ్ల పాపను బలి తీసుకుంది. ఆయన బ్రేకు పనిచేయలేదన్నారు, కోర్టు యాక్సిలరేటర్ తొక్కారని తేల్చి అయిదేళ్ల శిక్ష వేసింది. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో గోడలు గుద్దే ఆటోమేటిక్ కార్ల కథ కూడా ఎక్కువగా ఇదే. కాబట్టి ఒక గుర్తు పెట్టుకోండి: ఎంత గట్టిగా తొక్కితే కారు అంత ఎగిరి దూకుతోందంటే మీ కాలు బ్రేకు మీద లేదు. పూర్తిగా పైకి ఎత్తి, ఎడమవైపు వెతికి మళ్లీ తొక్కండి. న్యూట్రల్ వేయడం ఇక్కడా పనిచేస్తుంది. ఏ పెడల్ మీద ఉన్నామో తేలకపోయినా చెయ్యి ఆ పని చేయగలదు.

డ్రైవింగ్ స్కూళ్లలో ఎనిమిది తిప్పడం నేర్పుతారు, హెచ్ ఆకారంలో రివర్స్ నేర్పుతారు. లైసెన్సు టెస్టులో అవే అడుగుతారు కాబట్టి అవే నేర్పుతారు. నడుస్తున్న బండిని న్యూట్రల్ చేయించరు. మీరే చేసుకోండి. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్న చోట, ముప్పై కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, చూపు రోడ్డు మీదే ఉంచి చేత్తో న్యూట్రల్ వేసి బ్రేకుతో ఆపండి. చెయ్యికి దారి అలవాటయ్యేదాకా మళ్లీ మళ్లీ చేయండి. నడుస్తుండగా ఇంజన్ ఆపి మాత్రం ప్రాక్టీసు చేయొద్దు. పక్క సీట్లో కూర్చునేవాళ్లకు కూడా ఎన్ ఎక్కడుందో చూపించండి. నడిపేవాళ్లు బిగుసుకుపోతే ఆ లివర్ వాళ్ల చేతికీ అందుతుంది.

ఒకసారి ఇలా జరిగి క్షేమంగా ఆగిన బండిని మెల్లగా ఇంటికి తోలుకుపోదామని చూడొద్దు. హజార్డ్ లైట్లు వేసి, అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడి టోయింగ్‌కు ఫోన్ చేయండి. మ్యాట్ కారణమని కళ్లతో చూసి తీసేసినా, అంతగా కాలిన బ్రేకులను మెకానిక్ చూడందే నమ్మలేం.

ప్రశ్నలుంటే అడగండి. లేదంటే కిందికి వెళ్దాం. పార్కింగ్‌లో అన్ని రకాల కార్లూ ఉన్నాయి, ఏ కారుకు న్యూట్రల్ ఎలా పడుతుందో, ఏ కారులో ఎన్ని మ్యాట్లున్నాయో ఒక్కొక్కటిగా చూద్దాం.